కుడి పెట్టెలో కాలు

బస్సు ఎక్కగానే టిక్కెట్టు వంక చూసే తనిఖీ ఇన్‌స్పెక్టర్లు చాలామంది ఉంటారు. మన ఇన్‌స్పెక్టరుగారు మాత్రం ముందు మనిషి మొహం వంక చూసేవాడు. టిక్కెట్టు లేనివాడు కిటికీలోంచి బయటి ప్రపంచాన్ని మరీ శ్రద్ధగా చూస్తాడు, టిక్కెట్టు ఉన్నవాడు చిరాకు పడతాడు. ఉద్యోగం ఆయనకి నేర్పిన పాఠం అది. అందుకే డిపోలో ఆయనకి భూతద్దం అని పేరు పెట్టారు. ఎదురుపడితే మాత్రం ఇన్‌స్పెక్టరుగారూ అంటూ వంగి దండాలు పెట్టేవాళ్ళు. ఈ పేరు పెట్టింది స్టోర్సు గుమాస్తానే అని ఆయనకి గట్టి అనుమానం. దాంతో ఆ గుమాస్తాతో చాన్నాళ్ళు ముభావంగా ఉన్నాడు. పెట్టింది వేరేవాడని తేలాక మళ్ళీ మాట్లాడాడు గానీ, ఎందుకు మానేశాడో, ఎందుకు మొదలుపెట్టాడో ఆ గుమాస్తాకి ఈనాటికీ తెలియదు.

అనుమానం కూడా ఖాకీ చొక్కాతో పాటు విప్పి కొక్కేనికి తగిలించే వస్తువైతే ఇంట్లోవాళ్ళకి ఎంత సుఖంగా ఉండేదో! ఆయన దాన్ని భద్రంగా ఇంటికి తెచ్చుకునేవాడు. పాలు పలచగా ఉంటే పాలవాడి మీద, ఫ్యాను నెమ్మదిగా తిరిగితే కింది వాటావాళ్ళ మీద, గొడుగు కనబడకపోతే ఆ వారంలో గడప తొక్కిన ప్రతివాడి మీద ఒక కన్ను వేసి ఉంచేవాడు. ఒకసారి తాడు మీద ఆరేసిన చొక్కాలమీద నీటిచుక్కలు పడుతున్నాయని పై వాటావాళ్ళ మీద పడ్డాడు. కావాలనే చేస్తున్నారన్నాడు. డ్యూటీ దిగి వచ్చి మెట్ల మీద నిలబడి, ఎక్కేవాళ్ళనీ దిగేవాళ్ళనీ బస్సులో చూసినట్టే చూశాడు. ఆ చూపు భరించలేక పాపం ఆ కుటుంబం సామాను సర్దుకుని వెళ్ళిపోయింది. వాళ్ళు వెళ్ళాక కూడా చుక్కలు పడుతూనే ఉన్నాయి. పైన గొట్టం కారుతోందట.

భార్య ఆ రోజు ఆయన్ని ఒక్క మాట అనలేదు. కానీ ఇరుగుపొరుగు సంగతులేవీ ఇక ఈయన చెవిన వెయ్యకూడదని మాత్రం మనసులో గట్టిగా అనుకుంది.

ఇంతటి మనిషికీ ఒక మెత్తని చోటు ఉంది. అది సంగీతం. ఉద్యోగంలో చేరిన కొత్తలో, కండక్టరుగా ఉన్నప్పుడు, ఆఖరి స్టాపు దగ్గర ఒక పెద్ద హోటల్లోకి మంచినీళ్ళకని వెళ్ళాడు. హాల్లో ఎవరో వయొలిన్ వాయిస్తున్నారు. తలెత్తి చూస్తే మనిషి లేడు. అటొక పెట్టె, ఇటొక పెట్టె, మధ్యలో ఉత్త గోడ. ఆ ఉత్త గోడ ముందు నిలబడి ఎవరో వాయిస్తున్నట్టే ఉంది. ఈయన ఊరుకుంటాడా? వెళ్ళి పక్కన వేలాడుతున్న తెర ఎత్తి వెనకాల చూశాడు. అక్కడా ఎవరూ లేరు. జీవితంలో తను మోసపోయినందుకు ఆయన సంతోషించింది ఆ ఒక్కసారే. మధ్యలో మనిషి నిలబడినట్టు వినిపించే అలాంటి సెట్టు తన ఇంట్లో ఉండాలని అప్పుడే ఆశ పుట్టింది.

ఆశ అయితే పుట్టింది గానీ, ఉన్నది రెండు గదుల వాటా, వస్తున్నది తనిఖీ ఉద్యోగపు జీతం. భార్య కూడా ముందే చెప్పేసింది.

"ఉన్నదాంట్లోనే చేసుకోండి. ముందు గదిలో మనుషులు కూర్చోవడానికి చోటు మిగలాలి. అంతే, ఇంకేం అడ్డం చెప్పను."

ఆమె తమ్ముడికి డిపో పక్క సందులో, ఒక మేడమెట్ల కింద రేడియో రిపేరు షాపు ఉంది. ఒక మనిషి లోపల కూర్చుంటే రెండో మనిషి బయట నిలబడాలి, అంత షాపు. పెద్దగా మాట్లాడడు. నోట్లో రెండు మరమేకులు పెట్టుకుని పనిచేసే అలవాటు వల్ల మాటలు రావో, మాటలు రాకపోవడం వల్ల మేకులు పెట్టుకుంటాడో తెలియదు. బావగారి ఆశ సంగతి విని, "ఒక్కొక్కటీ చేద్దాం బావా, తొందరేముంది" అన్నాడు. ఆ మాట పట్టుకుని ఇద్దరూ ఏళ్ళ తరబడి చేశారు.

మూసేసిన లాడ్జిలో సగం చచ్చిపోయిన యాంప్లిఫయరు దొరికితే బావమరిది దానికి ప్రాణం పోశాడు. ఇల్లు మారుతున్న ఒక సంగీతం టీచరమ్మ వదిలించుకున్న రికార్డు ప్లేయరుని ఈయన ఒళ్ళో పెట్టుకుని బస్సులో తెచ్చాడు, దానికీ లగేజీ టిక్కెట్టు కొట్టించి మరీ. డిపోలో తుక్కు వేలం వేసినప్పుడు పాత సీట్ల గొట్టాలు కొంటే, వాటిని కోసి అతికించి పెట్టెలకి కాళ్ళు చేశారు. వినడానికి కూర్చునే కుర్చీ కూడా తుక్కులోదే, కండక్టరు కూర్చునే ఒంటి సీటు. రెండు పెట్టెలూ ఒక పాత బీరువా చెక్కతో బావమరిది తన చేతులతో కట్టాడు. ఎక్కడో వెతికి మంచి స్పీకర్ల జత తెచ్చి వాటిలో బిగించాడు. ఒక్కోదాని వెనకా చెయ్యి పట్టేంత గుండ్రటి కన్నం పెట్టాడు.

"ఇదెందుకురా?" అని బావగారు అనుమానంగా అడిగాడు.

"లోపలి గాలి కూడా పాడాలి బావా. దానికి దారి ఉండాలిగా."

అతని షాపులో ఒక పద్ధతి ఉండేది. పని పూర్తయ్యాక వస్తువు వెనక మూత మీద, మరమేకులకి అడ్డంగా, సన్నని కాగితం ముక్క అంటించి దాని మీద సంతకం పెట్టేవాడు. ఇంటికి తీసుకెళ్ళి తామే కెలికి, నువ్వే పాడుచేశావంటూ తెచ్చి పడేసేవాళ్ళ నోరు మూయించడానికి పెట్టుకున్న ఏర్పాటు అది. బావగారి పెట్టెలకి కూడా అలవాటుగా అంటించేశాడు. ఈయనకి ఆ సీలు చూస్తే ప్రాణం లేచి వచ్చింది. సెట్టు మొత్తంలో ఆయన మారుమాట లేకుండా నమ్మింది ఆ కాగితం ముక్కనే.

మొదటిరోజు వయొలిన్ రికార్డు పెట్టారు. కచేరీ జరుగుతుండగా చేసిన రికార్డు అది. ఒంటి సీట్లో కూర్చుని కళ్ళు మూసుకున్నాడు. ఉత్త గోడ ముందుకి మనిషి వచ్చి నిలబడ్డాడు. అంతేకాదు, కుడివైపు నుంచి ధన్, ధన్ అంటూ మెత్తని దెబ్బ కూడా వినిపిస్తోంది.

"ఆ దెబ్బేమిట్రా?"

"వాయించేవాడి కాలు బావా. చెక్క స్టేజీ మీద తాళం వేస్తున్నాడు. మామూలు సెట్లలో ఇది పలకదు."

ఇక ఈయన ఆనందానికి పట్టపగ్గాల్లేవు. ఇంటికి ఎవరొచ్చినా కూర్చోబెట్టి, "వయొలిన్ సంగతి వదిలెయ్యండి, కాలు వినండి, కాలు!" అనేవాడు. వచ్చినవాళ్ళు కుడి పెట్టె వంక చూసి మర్యాదకి తల ఊపేవాళ్ళు. పొద్దుటి డ్యూటీ దిగి, భోంచేసి, మధ్యాహ్నం ఆ కాలు విని గానీ ఆయన నడుం వాల్చేవాడు కాదు.

కుడి పెట్టె వెనక గోడ పక్కింటివాళ్ళ గోడే. అటు ఒక నర్సు ఒంటరిగా ఉండేది. రాత్రంతా ఆసుపత్రిలో డ్యూటీ చేసి వచ్చి పగలు పడుకునేది. ఆవిడ మీద ఆయనకి ఏ అనుమానమూ లేదు. అంటే ఆవిడ గురించి ఆయనకి ఏమీ తెలియదన్నమాట.

చలి పోతూ ఎండలు మొదలవుతున్న రోజుల్లో ఒక మధ్యాహ్నం కాలు పోయింది.

వయొలిన్ ఉంది. మనిషీ ఉన్నాడు, కాకపోతే కొంచెం ఎడమకి జరిగినట్టున్నాడు. కుడివైపు ధన్ ధన్ మాత్రం లేదు. ముల్లు తుడిచాడు. రికార్డు తుడిచాడు. చెవులు కూడా తుడుచుకున్నాడు. లాభం లేదు. పనిలో మాత్రం ఆయన ఘటికుడే, ఒప్పుకోవాలి. యాంప్లిఫయరు వెనక తీగలు విప్పి ఎడమది కుడికీ, కుడిది ఎడమకీ మార్చి చూశాడు. యాంప్లిఫయరుదే తప్పయితే ఇప్పుడు ఎడమ పెట్టెలో కాలు వినబడకూడదు కదా? ఎడమ పెట్టెలో కాలు నిక్షేపంగా మోగింది. తీగలు ఎటు మార్చినా కుడి పెట్టెలో మాత్రం ఆ కాలు ఉలకదు, పలకదు. కాబట్టి తప్పు కుడి పెట్టెలోనే ఉంది. పెట్టెని ముందుకి వంచి వెనక చూశాడు. సీలు చెక్కుచెదరలేదు. అది చూశాక ఇంకేమీ చూడలేదు.

ఇక్కడే ఆయన బుర్ర బస్సు ఎక్కింది. సీలు ఉందంటే బయటివాడు ఎవడూ పెట్టెలో చెయ్యి పెట్టలేదు. కానీ లోపల ఏదో మారింది. సీలు చింపి, మళ్ళీ అచ్చం అలాగే సంతకం పెట్టి అంటించగలిగినవాడు ఒక్కడే ఉన్నాడు. పోయిన వారం తను డ్యూటీలో ఉండగా బావమరిది ఇంటికొచ్చి వంటింటి స్విచ్చి బాగుచేసి వెళ్ళాడని భార్యే చెప్పింది. ఆ మర్నాడు షాపు ముందు నుంచి వెళుతుంటే అల్మరాలో అచ్చం అలాంటి స్పీకరే కనబడింది. మంచిది తీసేసుకుని నాసిరకం బిగించాడు! ఇంకేం కావాలి?

బావమరిదిని అడగొచ్చు. భార్యని అడగొచ్చు. ఆయన ఎవరినీ అడగలేదు. అడిగితే ఎదుటివాడికి అబద్ధం వెతుక్కునే వ్యవధి ఇచ్చినట్టేనని ఆయన సిద్ధాంతం. ఏమీ ఎరగనట్టు ఊరుకుని, కళ్ళలో వత్తులేసుకుని చూస్తూ కూర్చున్నాడు.

ఆ రోజుల్లోనే ఆయన ఊదారంగు మఫ్లరు కూడా కనబడకుండా పోయింది. తెల్లవారుజాము డ్యూటీలకని భార్య అల్లి ఇచ్చింది అది.

"నా మఫ్లరు చూశావా?" అన్నాడు.

"ఎక్కడికి పోతుందండీ, ఇంట్లోనే ఉంటుంది" అంది ఆమె, కూరలు తరుగుతూ.

మొహం చూశాడు. అబద్ధం చెప్పే మొహం కాదు. దాంతో ఇస్త్రీ అతనే కొట్టేసి ఉంటాడని తేల్చి, మర్నాటి నుంచి బట్టలు వేరేచోట వేశాడు. దానికీ కారణం ఎవరికీ చెప్పలేదు.

ఇంట్లో నోరు మెదపలేదు గానీ డిపోలో ఊరుకోలేకపోయాడు. ఒక డ్రైవరు తన రేడియో రిపేరుకిస్తానంటే, "మావాడి దగ్గరేగా? ఇవ్వు ఇవ్వు. కాకపోతే లోపలి సామాను మీద గుర్తు పెట్టుకుని ఇవ్వు" అన్నాడు నవ్వుతూ. అంతే అన్నాడు. సొంత బావే అలా అన్నాడంటే లోపల ఎంత ఉందో అని విన్నవాళ్ళు తలో చెయ్యీ వేశారు. డిపో మొత్తం ఆ మెట్ల కింద షాపు మీదే ఆధారపడేది, ఆ షాపు డిపో మీద ఆధారపడేది. ఇస్త్రీపెట్టెలూ, రేడియోలూ, టేబుల్ ఫ్యాన్లూ రావడం ఆగిపోయాయి. ఇచ్చినవాళ్ళు కూడా బాగుచెయ్యకపోయినా పరవాలేదంటూ వచ్చి పట్టుకుపోయారు. ఒకావిడ తన మిక్సీని అక్కడే తిప్పి చూసి, మూత తీసి లోపలికి తొంగి చూసి మరీ తీసుకెళ్ళింది.

బావమరిది ఇంటికి రావడం మానేశాడు. చూశావా, తప్పు చేసినవాడు మొహం చాటేస్తాడు అనుకున్నాడు ఈయన.

"మా తమ్ముడు ఈమధ్య రావడం లేదేమండీ?" అని భార్య అడిగింది.

"పనిలో ఉండి ఉంటాడు."

ఆమె నమ్మింది. మనిషి మంచిదైతే నమ్మించడం ఎంత తేలికో!

చివరికి ఒకరోజు డ్యూటీ దిగుతుంటే డిపో గేటు దగ్గర బావమరిది నిలబడి ఉన్నాడు. నోట్లో మేకులు లేవు. మొహం పీక్కుపోయి ఉంది.

"బావా, షాపులోకి మనిషి అడుగుపెట్టడం లేదు. నువ్వేదో అన్నావంటున్నారు. నా మీద నీకున్న అనుమానమేమిటో నాతోనే చెప్పు."

"చెప్పడం ఎందుకు? చూద్దాం. ఆదివారం పొద్దున ఇంటికి రా. నలుగురి ముందు కుడి పెట్టె విప్పుదాం. నీ తప్పు లేకపోతే నలుగురి ముందే తేలిపోతుంది."

"తప్పుంటే?"

"షాపు బోర్డు నువ్వే దించుకో."

"సరే బావా. అక్కకి మాత్రం ముందు చెప్పకు, బెంగపెట్టుకుంటుంది" అని వెళ్ళిపోయాడు. ఆ మాట విన్నప్పుడైనా ఈ మనిషి మనసు కరగాలి. కరగలేదు. అక్కని సాక్ష్యానికి రానివ్వకూడదని ఎత్తు వేస్తున్నాడు అనుకున్నాడు.

ఆదివారం స్టోర్సు గుమాస్తా, రేడియో రిపేరుకిస్తానన్న డ్రైవరు సాక్షులుగా వచ్చారు. ఇద్దరినీ సోఫాలో కూర్చోబెట్టి, ఈయన ఒంటి సీట్లో కూర్చున్నాడు. బావమరిది గుమ్మం పక్కనే నిలబడ్డాడు. టీ పట్టుకొచ్చిన భార్యకి తమ్ముణ్ణి చూడగానే మొహం వెలిగింది. "ఇన్నాళ్ళకి గుర్తొచ్చామా?" అంటూ దగ్గరికి వెళ్ళబోయి, అతను తలెత్తకపోవడం చూసి ఆగింది.

ఇన్‌స్పెక్టరుగారు గొంతు సవరించుకున్నాడు. "ఈ పెట్టెలో మొదట బిగించిన స్పీకరు ఇప్పుడు లేదని నా అనుమానం. సీలు ఉంది, చూసుకోండి. అంటే సీలు వేసినవాడి చెయ్యే లోపలికి వెళ్ళింది."

భార్య టీ ట్రేతోనే ఒక అడుగు ముందుకు వేసింది. "ఏమండీ, ఒక్క మాట..."

"ఉండు. సాక్షులున్నప్పుడు ఇంట్లోవాళ్ళు మాట్లాడకూడదు."

"అది కాదండీ, ఆ పెట్టెలో..."

"చెప్పానా? తర్వాత."

బావమరిది ముందుకొచ్చి వంగాడు. తన సంతకాన్ని తనే గోటితో చింపి, మరమేకులు ఒక్కొక్కటీ విప్పాడు. మూత తీశాడు. స్పీకరు అదే. వెనకాల మొదటిరోజు ఇద్దరూ కలిసి పెన్సిలుతో రాసుకున్న తారీకు, ఈయన దస్తూరీలోనే, కళ్ళెదురుగా ఉంది. దాని కింద, కన్నం ఉండే చోట, ఊదారంగు పాములా చుట్టుకుని మఫ్లరు ఉంది.

డ్రైవరుకి నవ్వొచ్చింది. గుమాస్తా అతని కాలు తొక్కాడు.

"నేనే పెట్టాను" అంది భార్య. ట్రే కింద పెట్టేసింది. "సీలూ గీలూ ఏమీ విప్పలేదు. ఆ కన్నంలోంచి కుక్కాను. చెయ్యి పట్టేంత కన్నం ఉంటే సీలు ఎవరికి అడ్డమండీ?"

ఆయన వంగి ఆ కన్నం వంక చూశాడు.

"గోడకి అటు ఆ నర్సు పిల్ల మంచం ఉంది. కళ్ళు ఎర్రగా వాచిపోయి ఉంటే ఏమ్మా అని నేనే అడిగాను. 'ఏం లేదు వదినా, మధ్యాహ్నం నిద్ర పట్టేసరికి గోడలోంచి ఎవరో కాలితో తంతున్నట్టు ఉంటుంది' అంది. అంతే అంది, అంతకుమించి ఒక్క ముక్క అనలేదు. ఊడుస్తూ ఆ కన్నం దగ్గర చెయ్యి పెడితే దెబ్బ దెబ్బకీ గాలి కొడుతోంది. చలి పోయింది కదా అని మఫ్లరు కుక్కేశాను."

"నాతో చెప్పొచ్చుగా?" అన్నాడు ఆయన.

"చెబితే ఏం చేసేవారు? కావాలని మీ సంగీతం మీద కుట్ర చేస్తోందని, ఆ పిల్ల ఇల్లు ఖాళీ చేసేదాకా మెట్ల మీద నిలబడేవారు. చెప్పకపోతే నా తమ్ముణ్ణి దొంగని చేస్తారని మాత్రం నాకు తెలియలేదు!" అని ఆమె ఏడ్చేసింది. "ఒరే, నువ్వైనా నాతో చెప్పొద్దట్రా?"

"బావ మీద నీతో ఏం చెప్పనక్కా" అన్నాడు తమ్ముడు. మఫ్లరు తీసి దులిపి, మడతపెట్టి ఒంటి సీటు చేతి మీద పెట్టాడు. మూత బిగించాడు. జేబులోంచి కాగితం ముక్క తీయబోయి మానుకున్నాడు.

"సీలు ఇక వెయ్యను బావా. దానివల్ల ఎవరికీ ఏమీ ఒరగలేదు" అని బయటికి నడిచాడు. సాక్షులు టీ తాగకుండానే అతని వెనకాలే జారుకున్నారు.

బావగారికి తల కొట్టేసినట్టయింది. భార్య వంటింట్లోకి వెళ్ళి తలుపు వేసుకుంది. ఏం చెయ్యాలో తోచక, ఏం చేస్తున్నాడో కూడా తెలియకుండా, మధ్యాహ్నం ఆ రికార్డే పెట్టాడు. కాలు తిరిగొచ్చింది. ధన్, ధన్. ఇన్నాళ్ళూ ఎవడో ఎత్తుకుపోయాడనుకున్న కాలు. వింటూ ఉంటే దాని మధ్యలో ఇంకో చప్పుడు వినబడింది. రికార్డులోది కాదది. గోడకి అటు ఎవరో మంచాన్ని బరబరా ఈడుస్తున్నారు. గోడ నుంచి దూరంగా, గదికి ఆ చివరికి. నర్సు తలుపు కొట్టలేదు, కేక వెయ్యలేదు. మంచం లాక్కుని ఊరుకుంది. ఆయన లేచి ముల్లు ఎత్తేశాడు.

అప్పుడు ఆయనకి నిజంగా సిగ్గేసింది. బస్సులో ఒక మనిషిని దొంగ అనాలంటే ముందు టిక్కెట్టు అడగాలి. బావమరిదిని ఆ మాత్రం కూడా అడగలేదు.

మర్నాడు డిపోలో అందరూ నోళ్ళు వెళ్ళబెట్టారు. నడివేసవిలో ఇన్‌స్పెక్టరుగారు మెడకి ఊదారంగు మఫ్లరు చుట్టుకుని వచ్చాడు.

"ఇదేంటి సార్, జ్వరమా?"

"జ్వరం కాదు. కూర్చో, చెబుతా" అని మొదటి నుంచి చివరిదాకా చెప్పాడు. స్పీకరు అదేననీ, సంతకం అదేననీ, తన బావమరిది చేతిలో పెట్టిన సామాను గుండుసూదితో సహా తిరిగొస్తుందనీ, దొంగబుద్ధి తనదేననీ చెప్పాడు. గేటు దగ్గర అడిగినవాడికి చెప్పాడు, క్యాంటీన్లో అడిగినవాడికి చెప్పాడు, తనిఖీకి ఎక్కిన బస్సుల్లో డ్రైవర్లకీ కండక్టర్లకీ చెప్పాడు. మిక్సీ తీసుకుపోయినావిడ బస్సులో కనబడితే టిక్కెట్టు చూడటం కూడా మర్చిపోయి ఆవిడకీ చెప్పాడు. పాత ఇస్త్రీ అతని దగ్గరికి వెళ్ళి మెడ చూపించి, "దొరికిందయ్యా" అన్నాడు. పాపం అతనికి ముక్క అర్థం కాలేదు. అపనింద ఒక్క నవ్వుతో డిపో అంతా చుట్టి వచ్చింది. నిజాన్ని మాత్రం ఆయన మెడకి చుట్టుకుని, ఎండలో చెమటలు కక్కుతూ మనిషి మనిషికీ మొయ్యవలసి వచ్చింది. కొందరు నమ్మారు. కొందరు బావా బావమరుదులు రాజీపడ్డారు కాబోలు అనుకున్నారు. అలాంటివాళ్ళకి ఆయన రెండోసారి చెప్పాడు.

షాపుకి మళ్ళీ ఫ్యాన్లు రావడం మొదలైంది. బావమరిది మాత్రం రాలేదు. భార్య వడ్డిస్తోంది గానీ మాట్లాడటం లేదు. సెట్టు మీద గుడ్డ కప్పి ఉంది.

మెడంతా చెమటపొక్కులు లేచాక, ఒక సాయంత్రం బావమరిది గుమ్మంలో నిలబడ్డాడు. లోపలికొచ్చి బావగారి మెడ నుంచి మఫ్లరు విప్పాడు.

"చాల్లే బావా. పిచ్చెక్కిందనుకుంటున్నారు జనం. షాపుకొచ్చిన ప్రతివాడూ ముందు నీ ఆరోగ్యం అడుగుతున్నాడు."

"తప్పయిపోయిందిరా" అన్నాడు ఈయన.

వంటింటి గుమ్మంలో నిలబడి చూస్తున్న అక్క ముక్కు చీదుకుంది. తను వచ్చింది పని మీదే అన్నట్టు తమ్ముడు వెంటనే నేల మీద చతికిలబడ్డాడు. మఫ్లరు కొంచెం కొంచెంగా కుడి పెట్టె కన్నంలో దోపాడు. "అసలు అక్క చేసింది సరైన పనే. ఇంత చిన్న గదిలో, గోడకి ఇంత దగ్గరగా, కన్నం మూస్తేనే మంచిది. ఎడమదానికి కూడా పెట్టి ఉంటే నీకు తేడా తెలిసేదే కాదు" అన్నాడు. అక్క లోపలికి వెళ్ళి తన పాత స్వెట్టరు చెయ్యి ఒకటి కత్తిరించి తెచ్చి ఇచ్చింది. సీలు మాత్రం అతను వెయ్యలేదు. ఆయన అడగలేదు.

ఇన్‌స్పెక్టరుగారు లేచి పక్కింటి తలుపు తట్టాడు. డ్యూటీకి తయారవుతున్న నర్సు ఆయన్ని చూసి, నిజం చెప్పాలంటే, భయపడింది.

"అమ్మా, ఒక్క పది నిమిషాలు. మంచం మళ్ళీ పాత చోటుకి జరుపుకుని కూర్చో. గోడలోంచి ఏమైనా తెలిస్తే తట్టు."

రికార్డు పెట్టారు. గోడ మీద రెండుసార్లు టకటకమంది. బావమరిది శబ్దం తగ్గించి, పెట్టెని గోడకి దూరంగా కొద్దిగా జరిపాడు. మళ్ళీ ఒక్కసారి టక్ మంది. ఇంకాస్త తగ్గించి, ఇంకాస్త జరిపాడు. ఇక తట్టలేదు. కాసేపాగి నర్సే వచ్చి, "వినపడ్డం లేదన్నయ్యగారూ. ఆపేశారేమో అనుకున్నాను" అంది.

ఒంటి సీట్లో బావగారు కళ్ళు మూసుకున్నాడు. ఎడమకి జరిగిపోయిన మనిషి సరిగ్గా మధ్యకి వచ్చి నిలబడ్డాడు. హోటల్లో విన్నంత గొప్పగా ఏమీ లేదు. ఈ గదికి సరిపోయేంత మనిషి, ఈ గదికి సరిపోయేంత వయొలిన్. సోఫాలో భార్య, నేల మీద పెట్టెకి ఆనుకుని బావమరిది. అతని నోట్లో మళ్ళీ రెండు మేకులు ఉన్నాయి. వాటిని తీసి మెల్లగా అడిగాడు.

"కాలు వినిపిస్తోందా బావా?"

ఆయన చాలాసేపు విన్నాడు. ఏమీ లేదు.

"లేదు" అన్నాడు. తర్వాత, కళ్ళు తెరవకుండానే, "ఉందిలే" అన్నాడు.